పాత అచ్చుబొమ్మలలో బందరు పట్టణము

బందరు పేరు వినని యిల్లు ఆంధ్రదేశమున నుండదు. ఒకరి కది తొక్కుడులడ్డువలన తెలియును. ఒకరికి అద్దకపు దుప్పటివలన తెలియును. మఱియొకరికి కళాశాలలవలనను పత్రికలవలనను తెలియును. కాని మూడు నాలుగు వందల యేండ్ల క్రిందట ఆ పట్టణము పేరు లండనునందును, ఆమ్‌స్టర్‌డామునందును, పారిసునందును, పారసీకపు ఇస్పహానునందును వర్తకుల నోట నానుచుండెననియు, దాని నెన్నడును కంట జూడనివారు సైతము తమ పుస్తకములలో దాని బొమ్మను చూచి ముచ్చటపడుచుండిరనియు మనలో ననేకులకు తెలియదు. ఆ బొమ్మలను గూర్చియు, అవి చూపిన పట్టణమును గూర్చియు, చూపక విడిచినదానిని గూర్చియు ఈ వ్యాసమున కొంత చెప్పదలచితిమి.

తాడిమర్రివారికి బందరుతో పనియేమి యని కొంద ఱడుగవచ్చును. మా ప్రాంతమున పాఱు చిత్రావతి యేటిలో నీరు కనబడు దినములకంటె ఇసుక కనబడు దినములే యెక్కువ. ఆ యేఱు గండికోటయొద్ద పెన్నలో గలసి నెల్లూరు సీమకు పోవునే కాని బందరు మొగము చూడదు. వేరుసెనగ చేల నడుమ కాపురముండువారము మేము. కృష్ణ తాను మోసికొనివచ్చిన ఒండ్రుమట్టిని సముద్రములో పఱచి నేలగా పెంచుకొనుచున్న సీమ వారిది. అయినను ధర్మవరపు మగ్గముల చప్పుడు మాకు దగ్గఱ. గుడ్డ నేయువాని యింట దీప మెంత చిన్నదో, ఆ గుడ్డ కట్టువారి యింట దీప మెంత పెద్దదో యెఱిగినవారము. బందరు చరిత్రలో కోటలకును ఫిరంగులకును చోటు లేకపోలేదు గాని, తఱచి చూచిన నది గుడ్డల చరిత్రము. అందుచేత మన మాడువారము చదువదగినది.

ముందుగా ఆ బొమ్మ లెట్లు చేయుదురో చెప్పెదము. ఛాయాచిత్రములు లేని కాలమది. నున్నగా సానబట్టిన రాగిరేకుపై ఉక్కు ఉలితో సన్నని గీతలు చెక్కుదురు. పిదప చిక్కని సిరాను రేకంతయు పులిమి తుడిచివేయుదురు. పైని సిరా పోవును, గీతలలోని సిరా నిలుచును. తడిపిన కాగితమును దానిపై పఱచి, రెండు దొర్లెడి దూలముల నడుమ గట్టిగ నొత్తి లాగగా ఆ సిరా కాగితమున కెక్కును. రేకుపై కుడివైపున నున్నది కాగితముపై నెడమవైపునకు వచ్చును. అద్దములో జూచుకొనునపుడు ముక్కుపుడక ప్రక్క మాఱును గదా, అట్లే. కావున చెక్కువాడు బొమ్మను త్రిప్పి చెక్కవలెను. ఒకని బొమ్మను ముందుంచుకొని మఱియొకడు ఉన్నదున్నట్లు చెక్కెనేని, అచ్చులో నదికి ఉత్తరమున నున్న యూరు దక్షిణమునకు పోయినను పోవును.

మఱియొక సంగతిని గూడ గుర్తుంచుకొనవలెను. రేకు చెక్కు పనివాడు ఐరోపాలో తన యింటి కిటికీయొద్ద కూర్చుండి చెక్కువాడు. ఓడతో పోయివచ్చినవా డెవడో గీసి తెచ్చిన చిత్తుబొమ్మ అతని కాధారము. తాటిచెట్టు నతడు చూచి యెఱుగడు. మన కట్టు, మన కోక, మన తలపాగా అతనికి తెలియవు. తెలియనిచోట తన దేశపు పోలికను చేర్చును. తరువాతివా డొకడు ఆ బొమ్మను చూచి మఱియొక బొమ్మ చెక్కును. ఇట్లు ఒక పట్టణము బొమ్మనుండి బొమ్మకు నడచుచు, తాను పుట్టిన చోటికి కొంచెము కొంచెముగ దూరమగుచుండును. అట్లని యివి పనికిరానివని యనరాదు. వినికిడిమాటలో నిజమెంత యని తూచుకొనునట్లు వీనిని తూచుకొని చూడవలెను.

బందరు బొమ్మలలో పేరుపొందినది 1672వ సంవత్సరమున ఆమ్‌స్టర్‌డాములో అచ్చుపడినది. ఫిలిప్పు బాల్డేయసు అను డచ్చి మతగురువు సింహళమున చాలకాలము పనిచేసి, స్వదేశమునకు మరలి, మలబారు, చోళమండల తీరములను సింహళమును గూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను. అందు తీరపట్టణముల బొమ్మలు పెక్కు లున్నవి. మన దశావతారముల బొమ్మలు గూడ నున్నవి. మచిలీపట్టణము బొమ్మయు నందులోనిదే. ఆ గ్రంథ మదే సంవత్సరమున జర్మను భాషలోను, 1704లో లండనున ఇంగ్లీషులోను వెలువడెను. అనగా మన బందరు ముప్పదియేండ్లలో మూడు భాషలవారి యిండ్లలోనికి నడచినదన్నమాట.

ఇట్టి రేవుపట్టణపు బొమ్మల రీతి యొక్కటే. ముందు సముద్రము, దానిపై తెరచాపలు విప్పిన యోడలు, ఓడలపై ఎవరి కంపెనీకి తగిన జెండాలు వారివి. వెనుక, ఆకాశమునకును నీటికిని నడుమ, పైటకొంగు అంచువలె సన్నగా పట్టణము. చూచువాని కన్ను ఓడమీద నున్నది గాని ఒడ్డుమీద లేదు. ఒడ్డున నిలిచి వచ్చెడి యోడను చూచిన తెలుగువాని కన్నుతో గీసిన రేవుబొమ్మను మేము చూడలేదు. పెట్టుబడి పెట్టినవారికి తమ సొమ్ము ఎచ్చట దిగుచున్నదో చూపుటకై చేసిన బొమ్మలు గాన, ఓడలు పెద్దవగుటయు ఊరు చిన్నదగుటయు వింతకాదు.

ఈ సీమ పేరు అచ్చుకాగితమున కెక్కుట బాల్డేయసుతోనే మొదలు గాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున టాలెమీ యను గ్రీకు పండితుడు వ్రాసిన భూగోళములో కృష్ణా ముఖద్వారమునకు మైసోలసనియు, ఆ సీమకు మైసోలియా యనియు పేరులున్నవి. అంతకు ముందటి గ్రీకు నావికుడొకడు ఈ సీమలో నూలుబట్టలు విరివిగా నేయుదురని వ్రాసియున్నాడు. టాలెమీ చెప్పిన కంటకోసిల మన ఘంటసాలయే. అచ్చటి ప్రాకృత శాసనమొకదానిలో మహానావికుడను బిరుదు కనబడుచున్నది. ఆ టాలెమీ పటములు 1477లో ఇటలీలోని బొలోన్యాలో రాగిరేకులతో అచ్చయ్యెను. తెనుగుగడ్డపై అచ్చుయంత్రము కాలూనుటకు చాలకాలము ముందే మన డెల్టా పేరు అచ్చులో నుండెను.

కృష్ణకు దక్షిణమున మోటుపల్లి రేవు కలదు. 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవు డచ్చట నొక అభయశాసనము చెక్కించెను. పూర్వపు రాజులు, గాలివాత బడి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని సొమ్మును లాగికొనుచుండిరనియు, తా మట్లు చేయక న్యాయమైన సుంకమును మాత్రమే గైకొందుమనియు దాని సారము. ప్రాణములకు తెగించి సముద్రము దాటి వచ్చినవానిని దోచుకొనరాదన్న ధర్మము ఱాతిపై నిలిచిన చోటది. ఆయన కూతురు రుద్రమదేవి కీర్తిని వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈ రేవు పేరుతో చేర్చి వ్రాసినాడు. సాలెగూటి దారములవంటి సన్నని బట్టలను గూర్చియు వ్రాసినాడు. అయితే ఆయన రుద్రమను రాజుభార్య యనుకొనెను! ఆడుది గద్దెయెక్కినచో అది మగని గద్దెయే యైయుండవలెనని యానాటి పరదేశి తలచెను గాబోలు. ఆమె తండ్రి గద్దె నెక్కిన బిడ్డ.

ఇక మచిలీపట్టణము వెలిగిన కాలమునకు వత్తము. గోలకొండ కుతుబుషాహీల రాజ్యమునకు సముద్రద్వార మిదియే. పారసీకభాషలో బందరనగా రేవు. ఆ మాటయే యూరిపేరై నిలిచినది. 1605 ప్రాంతమున డచ్చివారు, అనగా మన పెద్దలు వలందులని పిలిచినవారు, ఇచ్చట వర్తకశాల నెలకొల్పిరి. 1611లో గ్లోబను ఓడపై ఇంగ్లీషువారు వచ్చిరి. పులికాటులో డచ్చివా రడ్డుతగులగా వారు పెద్దపల్లిని, అనగా నిజాంపట్టణమును, తాకి, ఇచ్చటికి చేరిరి. 1669లో ఫ్రెంచివారును వచ్చిరి. వీరికంటె ముందునుండియు పారసీకులును, అరబ్బులును, మన కోమట్లును ఇచ్చట వర్తకము చేయుచునే యుండిరి. 1676లో పారిసున తన యాత్రల నచ్చువేయించిన టవెర్నియే యను రత్నవర్తకుడు, ఈ రేవునుండి పెగూ, సయాము, అరకాను, వంగదేశము, మక్కా, హొర్ముజు, సుమత్రా మొదలగు చోట్లకు ఓడలు పోవుచుండెనని చెప్పినాడు. లోపలినుండి కొల్లూరి గనుల వజ్రములు వచ్చుచుండెను, కోనసముద్రపు ఉక్కు వచ్చుచుండెను, నాగులవంచవైపునుండి నీలిమందు వచ్చుచుండెను. వజ్రముల బేరముతో పైకివచ్చిన పారసీకుడు మీరుజుమ్లా ఈ రేవున కధికారియై, సొంత యోడలవాడై, తుదకు రాజ్యములనే తారుమారు చేయగలవాడయ్యెను.

ఇంతటి సిరికి ఊరెట్లుండవలెను? బొమ్మలలోని బురుజులను చూచి మనము పెద్ద పెద్ద మేడల నూహించుకొందుము. కాని అచ్చట కాపురముండినవారి వ్రాత వేఱుగ నున్నది. 1618 మొదలు నాలుగేండ్లు బందరులో నుండిన విలియం మెత్వల్డను ఇంగ్లీషువాడు, ప్రాకారము లేనిదనియు, కట్టుబడి బాగులేనిదనియు, ఉన్నచోటు మఱింత బాగులేనిదనియు, అయినను జనసమృద్ధి గలదనియు వ్రాసెను. ఊరిలోని నూతులన్నియు ఉప్పునీటివట! టవెర్నియే యిండ్లు కొయ్యయిండ్లని చెప్పినాడు. 1673లో వచ్చిన ఫ్రయ్యరను వైద్యుడు, అడుసునేలలను దాటుటకై యున్న పొడవైన కొయ్యవంతెనలను గూర్చి వ్రాసినాడు. ఒకటి యరమైలు, ఒకటి మైలట. ఈ వంతెనలే మాకు బందరు నెక్కువగా కన్నులకు గట్టించినవి. పోటు వచ్చినపుడు ఊరు దీవి. ఆటు వచ్చినపుడు ఊరు బురద. ఆ వంతెనలపై నూలుమూటలు పోయినవి, ఏనుగులు పోయినవి, సుంకరులు పోయిరి. తీపినీటి కుండలు మోసికొనుచు మనవంటివారెందఱు పోయిరో యే పుస్తకమున లెక్కలేదు. ఉప్పునూతుల యూరిలో కాపురము చేయుట యెట్టిదో, మండువేసవిలో రెండు బిందెల నీటికై చెలమయొద్ద కూర్చుండు మా సీమ యాడువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ కాలమునకే చెందిన మఱియొక ముచ్చట కలదు. గోలకొండ తుదిరాజు తానాషా బందరు ప్రయాణములో కూచిపూడిలో విడిదిచేసి, భాగవతుల యాట చూచి మెచ్చి, ఆ యూరి నగ్రహారముగ నిచ్చెనని పెద్దలు చెప్పుదురు. రేవునకు బోవు బాట యెన్నిటికి నీడనిచ్చినదో!

ఇప్పుడు అసలు సంగతి. బాల్డేయసు బొమ్మకు కాగిత మెంత ముఖ్యమో బందరు బ్రతుకునకు గుడ్డ యంత ముఖ్యము. ఆ గుడ్డపైని బొమ్మయు అచ్చుబొమ్మయే. దానికి రాగిరేకునకు బదులు టేకుచెక్క యున్నది, సిరాకు బదులు వేరును కాయయు బెల్లమును ఉన్నవి. చేతితో కలము పట్టి వ్రాయునది కలంకారీ. చెక్క అచ్చుతో నొత్తునది అద్దకము. బందరు సీమలో నీ రెండును నడచినవి. తరువాతి కాలమున అద్దకమే నిలిచి, కలము కాళహస్తియందు నిలిచినది.

అద్దకపు పని వంటపనికంటె నోపిక గోరును. ముతక గుడ్డను పేడనీట నానబెట్టి, ఎండలో పఱచి, తడుపుచు ఆరవేయుచు తెల్లబఱతురు. పిదప కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచుదురు. పాలలోని క్రొవ్వు రంగును ప్రక్కకు ప్రాకనీయదు. కరక్కాయ వగరు రంగును పట్టియుంచును. తుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లపునీటిలో కొన్నినాళ్లు పులియబెట్టి చేసిన నల్లనీటిని అచ్చుతో నొత్తగా, అది కరక్కాయ తగిలిన గుడ్డపై కాటుకవలె నల్లబడును. ఎఱుపు కావలసినచోట పటికనీటి నొత్తుదురు. పటికనీరు రంగులేనిది. గుడ్డను పాఱునీట నుతికి, చిరివేరుతో కలిపి కాగులో కాచినప్పుడు, పటిక తగిలినచోటనెల్ల ఎఱ్ఱని పూవులు పైకివచ్చును, తగులనిచోట రావు. మంత్రమువంటి యీ యెఱుపుకొఱకే దేశదేశములవారు వచ్చిరి. కృష్ణాముఖమున నిజాంపట్టణము దాపున ఇసుక దిబ్బలలో పెరుగు చిరివేరునకు సాటిలేదని ఆ వర్తకు లందఱును ఒప్పుకొనిరి. ఉతికినకొలది మెఱుగెక్కు రంగు ఆనాడు ఐరోపాలో లేదు.

ఈ పనివారి నోపికను జూచి ఒక డచ్చివాడు అచ్చెరువందెను. డేనియల్ హావర్టను నతడు గోలకొండ రాజ్యమున పెక్కేండ్లు డచ్చి కంపెనీ కొలువుచేసి, 1693లో చోళమండలపు వృద్ధిక్షయములను గూర్చి గ్రంథము ప్రకటించెను. గోదావరి డెల్టాలోని పాలకొల్లులో చీటిగుడ్డలు వ్రాయువారిని నత్తలతో పోల్చి, ఓర్పునకు బొమ్మ గీయదలచినవానికి పాలకొల్లు పనివానిని చూచిన చాలునని ఆయన వ్రాసెను. మెచ్చుకోలే గాని, ఆ యోర్పునకు కూలి యెంత? వర్తకుడు ముందుగా బయానా యిచ్చి, గడువు పెట్టి, సరకు వచ్చినపుడు వంకలుపెట్టి తగ్గించి కొనుటయు ఆ వర్తకపు పద్ధతియే. ఇక గుడ్డకు మొదలైన నూలు వడికినది యెవరు? ఇండ్లలోని యాడువారు. వంటయైన పిదపను, పిల్లలు నిదురించిన పిదపను వడికిన నూలది. ఓడల పేరులు, కప్తానుల పేరులు, జెండాల రంగులు గ్రంథములలో నున్నవి. రాట్నము త్రిప్పిన యొక్క యాడుదాని పేరైన లేదు.

అయితే మనవారు ఊరకుండలేదు. వారు తమ యోడలను రాగిపై గీసికొనినట్లే, మనవారు వచ్చినవారిని గుడ్డపై గీసిరి. గోలకొండ సీమలో 1640 ప్రాంతమున వ్రాసిన రుమాలొకటి న్యూయార్కు మెట్రోపాలిటను ప్రదర్శనశాలలో నున్నది. అదే నగరమున బ్రూక్లిను ప్రదర్శనశాలలో ఆ శతాబ్దపు తొలినాళ్ల కలంకారీ తెర యున్నది. టోపీలవారు, తలపాగాలవారు, పూలతోటలలో కూర్చుండిన స్త్రీపురుషులు వీనిలో వచ్చుదురు. దొరల టోపీ యెంత వింతయో, కాలుచొక్కా యెంత వదులో మనవాడు కన్నార్పక చూచి వ్రాసినాడు. వారు మన ఊరిని దూరమునుండి గీసిరి. మనవారు వారి మొగములను దగ్గఱనుండి వ్రాసిరి. ఈ రెంటిలో మా కన్నులకు రెండవదియే యింపు. పక్షపాతమని యనినను సరియే.

కాగితమునకును గుడ్డకును ఇంకొక చుట్టఱికమును కలదు. పదునేడవ శతాబ్దపు నడిమినుండి కంపెనీలవారు తమ దేశపు ఇల్లాండ్ర కేమి నచ్చునో కాగితములపై గీయించి, ఆ మాదిరులను చోళమండలతీరమునకు పంపుచుండిరి. మనవారు వానిని చూచి వ్రాయుచు, తెలియని పూవున్నచోట తమకు తెలిసిన పూవును చేర్చిరి. అక్కడివాడు తాటిచెట్టును తప్పు గీసెననుకొంటిమి గదా! ఇక్కడివాడు గులాబిచెట్టునకు దానిమ్మకాయలు కాయించెను. కాని యీ తప్పునకు అక్కడ వెల హెచ్చెను.

వెల యెంత హెచ్చెననగా, దొరల దేశములందలి నేతగాండ్రు గగ్గోలుపెట్టిరి. 1686లో ఫ్రాన్సు ప్రభుత్వము ఈ చీటిగుడ్డల దిగుమతిని నిషేధించెను. ఆ నిషేధము 1759 వఱకు నడచెను. ఇంగ్లండులో 1700లో నొక చట్టమును, 1721లో అంతకంటె కఠినమైన మఱియొక చట్టమును పుట్టెను. 1719లో లండనులోని స్పిటల్‌ఫీల్డ్సు నేతగాండ్రు వీథులలో చీటిగౌనులు తొడిగిన యాడువారిపై బడి, వారి బట్టలను చింపి, సిరాయు ఆమ్లమును చల్లిరి. నేతగాండ్ర కడుపుమంట నిజమైనదే. ఐనను దుకాణము జోలికి పోలేక, ఓడ జోలికి పోలేక, కంపెనీ గుమ్మము త్రొక్కలేక, దారినపోవు ఆడుదాని కొంగు పట్టుట యే దేశపు మగవారికైనను సులభమని తోచుచున్నది.

నిషేధములు మన గుడ్డను చంపలేదు. చంపినది మఱియొకటి. రాగిరేకుపై చెక్కు విద్య కాగితముపైనే నిలువక గుడ్డపైకి పాకెను. 1752లో ఐర్లండులోని డ్రంకాండ్రాలో ఫ్రాన్సిసు నిక్సనను నతడు రాగిరేకులతో గుడ్డపై అచ్చొత్తెను. 1783లో థామసు బెల్లను స్కాట్లండువాడు రాగిరేకును గుండ్రని దూలముగ జేసి, త్రిప్పిన కొలది గుడ్డపై బొమ్మ పడునట్లు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. మనవాడు చెక్క అచ్చును చేతబట్టి, సిరాగుడ్డపై నద్ది, తాననెడి గుడ్డపై నొకటొకటిగ నొత్తు కాలములో ఆ దూలము బారలకొలది గుడ్డ నచ్చొత్తి పాఱవేసెను. బందరు బొమ్మను లోకమునకు చూపిన రాగిచెక్కడమే బందరు చేతిపనికి పోటీగ వచ్చి నిలిచెను. ఆ యంత్రపుగుడ్డ ఈ రేవులోనే దిగెను. పిమ్మట 1869 నాటికి చిరివేరు ఎఱుపువంటి యెఱుపును జర్మనులు రసాయనశాలలో చేయనేర్చిరి. పారసీకపు బేరముమాత్రము ఇరువదవ శతాబ్దపు ఆరంభము వఱకు కొంత ప్రాణము నిలిపెను.

చిరివేరు బొమ్మ గూడ అచ్చులో నున్నది. సామర్లకోటలో కంపెనీ వైద్యుడుగ నుండి మన చెట్లను పరిశీలించిన విలియం రాక్స్‌బరో చోళమండలపు మొక్కలను గూర్చి వ్రాసిన గ్రంథపు మొదటి సంపుటము 1795లో లండనున వెలువడెను. ఆ బొమ్మలకు మూలములను గీసినవారు మన దేశపు చిత్రకారులే. ఆకు, పూవు, వేరు ఉన్నదున్నట్లున్నవి. తెలుగు పేరును చేర్చెను. అద్దకపువాని వంటకమును గూడ విపులముగ వ్రాసెను. రేవుబొమ్మలలో కనబడని మన చేయి ఈ మొక్కబొమ్మలో కనబడును. చేయి కనబడునే గాని చిత్రకారుని పేరు కనబడదు.

యుద్ధముల కథ త్వరగా చెప్పి విడిచెదము. 1750 ప్రాంతమున పట్టణము ఫ్రెంచివారి చేతబడెను. 1759 ఏప్రిలు నెలలో ఫోర్డను సేనాని రాత్రివేళ కోటపై బడి దానిని ఇంగ్లీషువారికి గెలిచిపెట్టెను. అప్పటికే ఇంగ్లీషువారి ముఖ్యస్థానము మదరాసు. ఈ రేవున లోతు చాలక పెద్దయోడలు దూరమున లంగరువేయవలసియుండెను. ఒండ్రుమట్టి యేటేట పెరుగుచుండెను. 1832-33లో డొక్కల కరువు కృష్ణకు ఆవలిగట్టు నంతయు నూడ్చివేసెను. ఆ కరువు తరువాత ఆనకట్ట మాట పుట్టి, 1855 నాటికి బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియై, కాలువ బందరు వఱకు తీపినీరు తెచ్చెను. మెత్వల్డు ఉప్పునూతులను చూచి పెదవివిఱిచిన రెండువందల ముప్పదియేండ్లకు!

ఆ నీరు వచ్చి పదియేండ్లయిన నిండకమునుపే సముద్రము వచ్చెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుగాలికి ఉప్పెన లేచెను. ఆ తీరమున సముద్రము లోతు తక్కువ. నేలయు పళ్లెమువలె సమము. గాలి నెట్టిన నీటికి పోవు దారిలేక గోడవలె పైకి లేచును. ఎక్కువపోటు మట్టముకంటెను పదుమూడడుగుల యెత్తున నీ రూరిలోనికి వచ్చెను. చీకటి, గాలి, తలుపులు తెఱవరాకుండ ఒత్తు నీరు. పట్టణమునందును చుట్టుప్రక్కల పల్లెలందును ముప్పదివేలమంది మడిసిరి. తెల్లవాఱిన తరువాత పాఱుచుండిన కాలువలును నూతులును మరల ఉప్పైపోయెను. బ్రతికినవారికి మొదట కావలసినది అన్నముగూడ కాదు, గ్రుక్కెడు నీరు. దూరమునుండి, ఓడమీదనుండి, నీటికిని ఆకాశమునకును నడుమ సన్నని యంచువలె గీసిన పట్టణమని పైన వ్రాసితిమి. ఆ రాత్రి ఆ బొమ్మయే నిజమయ్యెను. నీటికిని ఆకాశమునకును నడుమ ఊరు నిలుచుటకు చోటు లేకపోయెను. 1977 నవంబరు 19న దివిసీమలో మరల నట్టి ఉప్పెనయే వచ్చి పదివేలమందికి పైగా పొట్టబెట్టుకొనెను. మడ అడవులున్నచోట అలజోరు కొంత విఱుగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ చెట్లు కొట్టిన గొడ్డలి యెవరిదో వారే యెఱుగుదురు.

ఆ ఉప్పెన తరువాత రేవు మరల వెనుకటి వెలుగునకు రాలేదు. వర్తకము కాకినాడకును ఇతరచోట్లకును తరలెను. పట్టణముమాత్రము చదువులకు పేరుపొందెను. 1902లో కృష్ణాపత్రిక పుట్టెను. 1910లో కోపల్లె హనుమంతరావుగారు మొదలగువారి కృషితో ఆంధ్రజాతీయ కళాశాల నెలకొనెను. పుస్తకపు చదువుతోబాటు చేతిపనులను నేర్పవలెనన్నది దాని పట్టు. 2023లో క్రొత్త రేవు కట్టుబడి పని గూడ నారంభమయ్యెను. ఈమాఱు లోతును యంత్రములతో త్రవ్వుదురట.

డచ్చివారి గోరీలు నేటికిని బందరులో నున్నవి. వానిపై వంశముల ముద్రలు, అక్షరములు, తీగలు లోతుగ చెక్కియున్నవి. రాగిపై చెక్కు చేతులవంటి చేతులే ఱాతిపైని చెక్కినవి. చిన్నవయస్సున పోయిన బిడ్డలును, తల్లులును ఆ ఱాళ్లక్రింద నున్నారు. వారి యూరిలో వారి బొమ్మలు కొన్నవా రెవరును వీరిని తలచియుండరు.

బందరు దాపున పెడనలో అద్దకము నేటికిని నడచుచున్నది. మచిలీపట్టణపు కలంకారీయను పేరునకు ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు లభించినది. పొడవైన బల్లలపై గుడ్డ పఱచి, టేకు అచ్చును రంగులో నద్ది, గుడ్డపై నుంచి పిడికిటితో నొక్కపోటు పొడుచుదురు. ఒక బొమ్మలో నాలుగురంగు లున్నచో నాలుగు అచ్చులుండవలెను. ఒకదాని గీతపై మఱియొకదాని గీత వెండ్రుకవాసి తప్పక కూర్చుండవలెను. అచ్చు చెక్కువాడు తీగను కుడినుండి యెడమకు త్రిప్పియే చెక్కును. అరిగిన అచ్చులను గోడవారగ పేర్చి యుంచుదురు. ఉతుకుటకు పాఱునీరు కావలెను. అది కృష్ణ కాలువది.